అవ్వ మీది చెద్దరు

అక్టోబర్ 1

భానుప్రసాద్ సార్ ఇవాళ శాంపిల్ మీద చాయ్ ఒలకబోశాడు. కమిటీ వాళ్లమంతా టేబుల్ చుట్టూ నిలబడి చెద్దరును ముట్టి చూస్తూ ఉంటే, ఈయన చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని ఉపన్యాసం మొదలుపెట్టాడు. "గుట్టల మీది హాస్టల్ పిల్లలు గీ చలికాలం వెచ్చగ పండాలె" అంటూ చెయ్యి ఊపాడు. సగం చాయ్ చెద్దరు మూలన పడింది. అరచేయంత మరక. "ఏం కాదు మేడమ్, గుర్తుకు ఉంటది" అని తనే నవ్వుకున్నాడు. హాస్టళ్ల కొనుగోళ్లకు పెద్ద ఆయన. పొట్ట పెద్దది, సిగ్గు చిన్నది.

చెద్దరు మాత్రం బాగుంది. గోధుమరంగు, నీలి అంచు, చేతికి బరువుగా తగిలే నేత. పోయిన ఏడు ఆదిలాబాద్ హాస్టళ్లకు పంపినవి చెద్దర్లు కావు, పాలు వడగట్టే గుడ్డలు. పేపర్లో పడి పరువు పోయాక పైవాళ్లు ఈ కొత్త పద్ధతి పెట్టారు. మంచిదొకటి సంచిలో పెట్టి, కుట్టి, లక్క కరిగించి, దాని మీద నా ఇత్తడి ముద్ర వెయ్యాలి. సరుకు దిగాక అందరి ముందూ సంచి విప్పి పక్కన పెట్టి చూడాలి. రెండూ ఒక్క తీరుగా ఉంటేనే తనిఖీ అధికారి సంతకం. ఆ తనిఖీ అధికారిని నేనే. నా సంతకం లేనిదే ఒక్క చెద్దరు కూడా హాస్టల్ గడప తొక్కదు. ఇన్నేళ్ల నౌకరీలో మొదటిసారి నా సంతకానికి ఒక విలువ వచ్చింది.

కాంట్రాక్టర్ పేరు గోపాల్ సేఠ్. సరుకంతా మా ఊరి మగ్గాల మీదే నేయిస్తానని రాసిచ్చాడు. మా తమ్ముడు కుమార్ మగ్గాలు కూడా అందులో ఉన్నాయి. ఆ సంగతి ముందే సార్‌కు చెప్పాను. "మీ తమ్ముడు కూలికి నేసేటోడు మేడమ్, సేఠ్ కాదు కదా" అన్నాడు. అక్కడితో అయిపోయింది. కుమార్ పని వేరు, నా పని వేరు.

రేపు దసరా. ముద్రను ఇంటికి తెచ్చుకున్నాను. ఆఫీసులో వెక్కిరిస్తారు, వెక్కిరించనీ. బాపు ఉన్నన్నాళ్లూ దసరాకు మగ్గంలో పోగును అటూ ఇటూ నడిపే నాడెను కడిగి, బొట్టు పెట్టి, దేవుని దగ్గర పెట్టేవాడు. మా డ్రైవర్ జీపుకు నిమ్మకాయలు కడతాడు. నా పనిముట్టు ఈ ఇత్తడి ముద్ర, నేనూ ప్రతి ఏడూ తెచ్చుకుంటాను. ఈసారి సీలు వేసిన శాంపిల్ సంచి కూడా తెచ్చాను. ఫోన్లో చెప్తే అవ్వే అన్నది: "మన సాలోళ్ల చేతుల బట్ట బిడ్డా. గది సుత దేవుని కాడ పెట్టు, మగ్గాలు సల్లగ నడుస్తయ్."

అక్టోబర్ 2

అవ్వ, కుమార్, మరదలు నవత పొద్దున్నే కరీంనగర్‌లో బస్సు దిగారు. దేవుని గద్దె మీద ముద్ర, సంచి, బాపు నాడె. పూజ చేశాక తెల్లారేదాకా పనిముట్లను ముట్టకూడదు, దీపం కొండెక్కకూడదు. కుమార్ జమ్మి ఆకు నా చేతిలో పెట్టి కాళ్లు మొక్కాడు. మొక్కి చాలాసేపు లేవలేదు. ఏడాదిగా మగ్గాలు సరిగ్గా నడవక మనిషి సగమయ్యాడు. నవత బీడీలు చేస్తే ఇల్లు గడుస్తోంది.

మందు ముట్టలేదు. పండుగ నాడు కుమార్ మందు ముట్టకపోవడం నేను చూసిందే లేదు. "అక్కా, నువ్వు పోయి పండుకో. దీపం నేను సూసుకుంట" అన్నాడు. నాకు ఎంత సంతోషమైందో. ఆ పాటి బుద్ధి ముందే ఉంటే బాపు ఇంకో పదేళ్లు బతికేవాడు.

అక్టోబర్ 3

సంచి, ముద్ర ఆఫీసు బీరువాలో పెట్టాను. తాళంచెవి నా మెడలోనే.

నవంబర్ 9

కుమార్ అవ్వను దించి వెళ్లాడు. మోకాళ్ల నొప్పులకు ఇక్కడ డాక్టర్‌కు చూపించాలి, చలికాలమంతా నా దగ్గరే ఉంటుంది. వస్తూనే తన బట్టల సంచిలోంచి ఒక చెద్దరు తీసి మంచం మీద పరుచుకుంది. కుమార్ ముఖం చిట్లించాడు. "గది ఎందుకు తెచ్చినవే అవ్వా? అక్క ఇంట్ల చెద్దర్లు లేవా?" అన్నాడు. "నా కొడుకు ఇచ్చింది, నేను తెచ్చుకుంట. నీకేమాయె?" అన్నది అవ్వ. వాడు చాయ్ కూడా తాగకుండా బస్సు ఉందని వెళ్లిపోయాడు.

మంచి చెద్దరు. మందంగా ఉంది. ఒక మూలన ఏదో మరక. అవ్వ కషాయం ఒంపుకుని ఉంటుంది. ఎన్నిసార్లు చెప్పినా మంచం మీదే తాగుతుంది.

నవంబర్ 20

ఉట్నూర్ పైన గుట్టల్లో ఉన్న హాస్టల్ నుంచి వార్డెన్ రోజారాణి ఫోన్. "మేడమ్, పిల్లలు పొద్దుగాల లేస్తలేరు. ఒక్క చెద్దర్ల ముగ్గురు ముగ్గురు పంటున్నరు. దగ్గులే దగ్గులు. గీ సారన్న జెర తొందరగ పంపుండ్రి" అంటుంది. వారంలో వస్తాయమ్మా, ఈసారి మంచివి, నేనే చూశాను అని చెప్పాను. గొప్పగా చెప్పాను.

నవంబర్ 27

ఛీ. ఛీ. ఛీ.

నస్పూర్ గోదాంలో సరుకు దిగింది. బేల్ విప్పి చెద్దరు తీసి వెలుతురుకు పట్టుకున్నాను. అవతల నిలబడ్డ హమాలీ ముఖం కనబడింది. అతని మీసాలు కూడా కనబడ్డాయి. ముట్టుకుంటే దూది రాలుతోంది. గోధుమరంగే, నీలి అంచే, పైకి అన్నీ అవే. ఇంకో బేల్ విప్పించాను, ఇంకోటి. అంతా ఒకటే దరిద్రం. మా ఊళ్లో గుడ్డివాడు కూడా ఇట్లాంటిది నెయ్యడు. ఎక్కడో బయట తుక్కు దూదితో చేయించి లారీకి ఎత్తుకొచ్చారు.

సంతకం పెట్టనని భానుప్రసాద్ సార్‌కు ఫోన్ చేసి చెప్పాను. "గరం గాకుండ్రి మేడమ్. పద్ధతి ఉన్నది గదా. రేపు సంచి ఇప్పుదాం, పక్కన పెట్టి సూద్దాం" అన్నాడు. విప్పుదాం. చూద్దాం. అప్పుడు గోపాల్ సేఠ్ ముఖం నేనూ చూస్తాను.

నవంబర్ 28

చూశాను. వాళ్లంతా నా ముఖమే చూశారు.

అందరి ముందూ సీలు చూపించాను, లక్క చెక్కు చెదరలేదు. దారం కత్తిరించి సంచిలోంచి చెద్దరు తీశాను. తీస్తుంటేనే చేతికి తెలిసిపోయింది, బరువు లేదు. టేబుల్ మీద పరిచి గోదాం నుంచి తెచ్చిన దాన్ని పక్కన పెట్టారు. కవల పిల్లల్లా ఉన్నాయి. అదే పల్చన, అదే దూది.

"రెండూ ఒక్కటే ఉన్నయ్ గద మేడమ్" అన్నాడు గోపాల్ సేఠ్, రెండు చేతులూ కట్టుకుని, అత్త ముందు నిలబడ్డ కొత్త అల్లుడిలా.

"సార్, చాయ్ మరక ఏది?" అన్నాను. ఆ రోజు మరక చూసిన వాళ్లంతా అక్కడే ఉన్నారు. ఒకడు గోడ క్యాలెండర్ చూస్తున్నాడు, ఒకడు సెల్ ఫోన్ చూస్తున్నాడు.

భానుప్రసాద్ సార్ చెద్దరును ఒకసారి తిరగేశాడు. "లోపట్నే ఆరిపోయుంటది మేడమ్."

మరక ఆరిపోతుందట! ఆరి, మాయమైపోతుందట! ఇంత చదువుకున్న మనిషి, పిల్లలను కన్నవాడు, సిగ్గు లేకుండా ఆ మాట అన్నాడు. మిగతావాళ్లు తల ఊపారు. లేచి బాత్రూంకు వెళ్లి ముఖం కడుక్కుని వచ్చాను.

"లక్క మీద ముద్ర ఎవలది మేడమ్?" అని సేఠ్ మెల్లగా అడిగాడు. నాదే అన్నాను. "మరింకేంది?" అన్నాడు.

సంతకం పెట్టలేదు. డిసెంబర్ 8న మళ్లీ కమిటీ. అప్పటిదాకా ఆలోచించుకోమన్నారు.

నవంబర్ 29

మార్చింది అటెండర్ కావచ్చు. పాన్ డబ్బాలో కూడా అప్పులు పెట్టే మనిషి. వాచ్‌మన్ కావచ్చు. సార్ కావచ్చు, ఆయనకు దొంగతాళం చేయించడం పెద్ద పనా? ముద్ర కూడా అదే బీరువాలో ఉంది కదా. ఎవడైనా కావచ్చు. అందరూ దొంగలే. కంచే చేను మేస్తే ఎవరికి చెప్పుకోవాలి?

నవంబర్ 30

అవ్వ చెద్దరును ఎండకు వెయ్యమంది. వెయ్యలేదు. రేపు వేస్తానన్నాను.

ఎండ ఉంది.

డిసెంబర్ 2

గోపాల్ సేఠ్ నా గదికే వచ్చి కూర్చున్నాడు. వాడు పోయాక కూడా అత్తరు కంపు సాయంత్రం దాకా పోలేదు. కిటికీలన్నీ తెరిచినా పోలేదు.

"మీ తమ్ముడు మంచోడు మేడమ్. చెప్పిన మాట ఇంటడు. సంక్రాంతి దాటినంక పెద్ద ఆర్డర్ ఉన్నది, వాని మగ్గాలకే ఇద్దామని నా ఆలోచన" అన్నాడు. నా తమ్ముడి ఊసు ఇక్కడెందుకు అని అరిచాను. "ఊకె అన్న మేడమ్. మనోళ్లు మనోళ్లు అనుకుంటే సుకం గదా" అని పళ్లన్నీ చూపించాడు.

సాయంత్రం సార్ పిలిచాడు. గొంతు తగ్గించి, "ఇంటి దొంగను ఈశ్వరుడు సుత పట్టలేడంటరు మేడమ్. మీరెందుకు ఊకె పరేషాన్ అయితరు? సంతకం వెట్టుండ్రి, పిల్లలకు ఏదో ఒకటి ముడుతది" అన్నాడు.

ఇంటి దొంగ అంటే ఆఫీసులో దొంగ అని. అటెండర్ గురించే అన్నాడు.

డిసెంబర్ 4, హాస్టల్‌లో

గోదాంలోంచి ఒక చెద్దరు తీసుకుని జీపులో ఇక్కడికి వచ్చాను. ఎందుకు వచ్చానో నాకే తెలియదు. కరీంనగర్‌లో కూర్చుంటే పిచ్చెక్కేలా ఉంది.

ఇక్కడి చలి చలి కాదు. రేకుల కప్పు, కిటికీలకు అట్టముక్కలు. పిల్లలు ఖాళీ బియ్యం సంచులు విప్పి, రెండేసి కలిపి కుట్టుకుని కప్పుకుంటున్నారు. సంచుల మీద ప్రభుత్వ ముద్ర ఉంది. ఆ ముద్ర చూస్తుంటే ఒళ్లు మండింది.

ప్రవళిక అని ఆరో తరగతి పిల్ల. సన్నగా రివటలా ఉంది, నోరు మాత్రం గట్టిది. నేను తెచ్చిన చెద్దరు ఇచ్చి కప్పుకొమ్మన్నాను. అటు తిప్పింది, ఇటు తిప్పింది, దులిపింది. దూది ఎగిరి తుమ్మింది.

"మేడమ్, గిది కప్పుకునేదా, కిటికీకి కట్టేదా?"

పిల్లలంతా గొల్లున నవ్వారు. రోజారాణి వాళ్లను కసిరింది. నేను నవ్వుదామని ప్రయత్నించాను, రాలేదు.

తర్వాత రోజారాణి వంటగది గడపలో కూర్చుని నా చేతిలో చాయ్ పెట్టింది. "మేడమ్, ఒక మాటంట, తప్పు వట్టుకోకుండ్రి. గవ్వే పంపుండ్రి. లేని దానికన్న నయం. మీరు వాపస్ కొట్టిండ్రనుకో, మల్ల టెండరు, మల్ల కమిటీ. ఎండకాలం వస్తయ్. పోయిన వారం ఇద్దరిని దవాఖానల ఏసినం."

"గివి కప్పుకుంటే చలి ఆగుతదా చెప్పు?" అన్నాను.

"ఆగది" అన్నది. "కని కప్పుకున్నం అన్న ధైర్నం ఉంటది."

డిసెంబర్ 5

వచ్చాను. బ్యాగు గుమ్మంలోనే పెట్టి అవ్వ మంచం దగ్గరికి వెళ్లాను. అవ్వ నిద్రపోతోంది. చెద్దరు మూల పట్టుకుని మరక మీద చెయ్యి పెట్టాను. సరిగ్గా అరచేయంత. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాను. ఉతికినట్టున్నారు, కషాయం వాసనా లేదు, చాయ్ వాసనా లేదు. గోధుమరంగు, నీలి అంచు.

అవ్వ లేచింది. "ఏందే, గట్ల వాసన సూస్తున్నవ్ కుక్క తీర్గ?"

"అవ్వా, గిది కుమార్ నీకు ఎప్పుడిచ్చిండు?"

"దసరా తెల్లారి. ఇంటికి వోయినంక సంచిలకెళ్లి తీసి ఇచ్చిండు. ఎందుకే?"

ఊరికే అన్నాను.

ఈ డైరీ మొదటి నుంచీ చదివాను. చదివితే నా మీద నాకే కంపరం పుట్టింది. నవంబర్ 9న మరక చూశాను, మరక అని రాశాను కూడా. రాసి, కషాయం అన్నాను. నవంబర్ 30న ఎండకు వెయ్యలేదు. ఎండలో పరిస్తే బాగా కనబడుతుందని వెయ్యలేదు. పాపం అటెండర్‌ను తిట్టాను. భానుప్రసాద్‌కు సిగ్గు లేదని రాశాను. ఆయన కళ్లెదురుగా ఉన్న మరకను లేదన్నాడు, నేను నెల రోజులుగా నా చేతులతో సర్ది అవ్వకు కప్పాను.

ముద్ర దేవుని దగ్గర. సంచి దేవుని దగ్గర. దీపం కుమార్ చూసుకున్నాడు.

డిసెంబర్ 6

కుమార్‌ను రమ్మంటే వచ్చాడు. ఇంట్లోకి రాలేదు, మెట్ల మీదే కూర్చున్నాడు. అడగకముందే అన్నాడు: "దొరికిపోయిన గద అక్కా."

చెప్పు తీసి కొట్టాలనిపించింది. తీశాను కూడా. పక్కింటి వాళ్లు చూస్తున్నారని కింద పడేశాను.

"ఎందుకు చేసినవ్ రా?"

"సేఠ్ అన్నడు. శాంపిల్ మార్చి పెడితే మగ్గాలకు పని ఇస్త, లేకపోతే నీ మగ్గాలు తుక్కుకు అమ్ముకో అన్నడు. దసరాకు ముద్ర ఇంటికి వస్తదని ఎరుకే గద, రాత్రి సంచి ఇప్పి, మల్ల కుట్టి, నీ ముద్రే ఏసిన. నవత బీడీలు చేసి చేసి దగ్గుతున్నది. నేనేం చెయ్యాలె?"

"మరి చెద్దర్లు మన ఊర్లె నేసిండ్రా?"

"ఒక్క బేల్ సుత నెయ్యలే అక్కా. అన్ని బయటికెళ్లి తెచ్చిండు. శాంపిల్ ఒక్కటే మన కాడ నేయించిండు." తన చేతులు చూసుకున్నాడు. "గది నా మగ్గం మీద నేసిందే. నా చేతులతోని నేసిన. సేఠ్ దాన్ని కాలవెట్టుమన్నడు. కాలవెట్టనీకి పెరట్లకు సుత తీసుకపోయిన. నేసినోడు కాలవెడుతడా అక్కా? అందుకే అవ్వకిచ్చిన."

నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి. దేవుని ముందు దీపం పక్కన కూర్చుని అక్క గొంతు కోయడానికి వీడికి చెయ్యి ఆడింది. నాలుగు పోగుల బట్టను కాల్చడానికి ఆడలేదట!

"హాస్టల్ పిల్లలు బియ్యం సంచులు కప్పుకుంటుండ్రురా" అన్నాను.

"నువ్వు చెప్తే నేను జైలుకు వోత, నీ నౌకరి వోతది. సేఠ్ కు ఏంగాదు, సార్ కు ఏంగాదు. సూడు అక్కా, నీ ఇష్టం" అన్నాడు. లేచి వెళ్లిపోయాడు. వాడు చెప్పిన దాంట్లో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. అదే నాకు అసహ్యం.

డిసెంబర్ 7

మా ఆయన వెంకటేశ్ మస్కట్ నుంచి ఫోన్ చేశాడు. గొంతు అట్లుందేంది అని అడిగాడు. జలుబు అన్నాను. మొగుడికి కూడా అబద్ధం చెప్పడం వచ్చేసింది.

సంతకం పెడితే ఏమవుతుంది? పిల్లలకు ఏదో ఒకటి అందుతుంది. లేనిదానికన్నా నయం అని రోజారాణే అన్నది, నేననలేదు. అక్కడ ఉండేది ఆమె, ఆమెకు తెలియదా? కుమార్ మగ్గాలు నడుస్తాయి, నవత దగ్గు తగ్గుతుంది. వచ్చే ఏడు గట్టిగా ఉంటాను. వచ్చే ఏడు ముద్రను ఇంటికి తేను. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని పెద్దలు ఊరికే అన్నారా?

పై పేరా రాసినది నేనేనా? గోపాల్ సేఠ్ కూడా ఇంత చక్కగా రాయలేడు.

అవ్వ పడుకోబోతుంటే, ఉతకాలి అని చెప్పి మంచి చెద్దరు తీసేసుకున్నాను. హాస్టల్ నుంచి వాపసు తెచ్చినది కప్పాను.

డిసెంబర్ 8

పొద్దున లేచి చూస్తే అవ్వ మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని గోడ వైపు తిరిగి ఉంది. రెండు చీరలు, నా శాలువా, కాళ్ల మీద గోనెసంచి. అన్నిటి కింద ఆ చెద్దరు.

"ఏం చెద్దరే గిది? ఈగలు తోలనీకి సుత పనికి రాదు. మోకాళ్లు వట్టుకపోయినయ్. నాది నాకియ్యి" అన్నది.

"గిదే అవ్వా, హాస్టల్ పోరగాండ్లకు వచ్చింది."

"గిదా?" వేళ్ల మధ్య నలిపి చూసింది. దూది ఊడి వచ్చింది. "ఏ లంజకొడుకు నేసిండు?"

అప్పుడు చెప్పాను. అంతా చెప్పాను. కుమార్ పేరు వచ్చినప్పుడు అవ్వ కళ్లు మూసుకుంది. నేను మంచి చెద్దరు మడిచి బ్యాగులో పెడుతుంటే మంచం మీంచి చెయ్యి చాచి దాని అంచు పట్టుకుంది. "వాడు నా కొడుకే" అన్నది. వదల్లేదు. నేను లాగాను. అరవై ఏళ్లు దాటిన నా తల్లి చేతిలోంచి, చలిలో, చెద్దరు లాగాను. వేళ్లు ఒక్కొక్కటే విడిపించాల్సి వచ్చింది. ఈ చేతులతోనే ఇప్పుడు ఇది రాస్తున్నాను.

గుమ్మం దాటుతుంటే వెనక నుంచి అన్నది: "గా మూల మరక నేను తోమిన బిడ్డా. పోలే."

కమిటీలో అందరూ వచ్చారు. సేఠ్ మిఠాయి డబ్బా కూడా తెచ్చాడు. సంతకం పెట్టే కాగితం, పెన్ను నా ముందు పెట్టారు. నేను బ్యాగులోంచి చెద్దరు తీసి టేబుల్ మీద పరిచి, మరక భానుప్రసాద్ ముందుకు వచ్చేలా తిప్పాను.

"సార్, మీ చాయ్."

గోపాల్ సేఠ్ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు. సార్ మరకను చూశాడు, నన్ను చూశాడు. "ఇది ఎక్కడిది మేడమ్?"

"మా అవ్వ మీదిది. దసరాకు సంచి, ముద్ర మా ఇంట్ల దేవుని కాడ పెట్టిన. మా తమ్ముడు మార్చిండు. సేఠ్ మార్చుమన్నడు. రాసుకోండ్రి."

సార్ గుక్క తిప్పుకుని చిరునవ్వు నవ్వాడు. "దేవుని కాడ ఉన్నదంటే ఇంకేంది మేడమ్, భద్రంగ ఉన్నట్టే. గట్లనే రాసుకుందాం. గీ ముసలామె చెద్దరు లొల్లి మనకెందుకు?"

"రాయకపోతే నేనే రాస్త" అన్నాను. పెన్ను తీసుకుని వాళ్ల కాగితం మీదే, సంతకం ఉండాల్సిన చోట, సరుకు పనికిరాదు, శాంపిల్ మారింది, తప్పు నా ఇంట్లో జరిగింది అని రాసి, దాని కింద సంతకం పెట్టాను. అక్షరాలు బాగానే వచ్చాయి.

డిసెంబర్ 19

లారీలు సరుకును వాపసు ఎక్కించుకుని వెళ్లిపోయాయి. నన్ను సస్పెండ్ చేశారు. కుమార్‌ను స్టేషన్‌కు పిలిచి రెండు రోజులు కూర్చోబెట్టి కేసు రాసి పంపారు. గోపాల్ సేఠ్ నాకేం తెలియదు, నేతోడు ఆశపడి చేసుకున్నాడు అన్నాడట. భానుప్రసాద్ విచారణ అధికారి. నా మీద విచారణ చేసేది ఆయనే!

నవత ఫోన్ చేసి ఒక్క మాటే అన్నది. "సల్లగుండు వదినా." పెట్టేసింది.

డిసెంబర్ 27

అటెండర్ ఇంటికి వచ్చి ఒక సర్క్యులర్ ఇచ్చి సంతకం తీసుకున్నాడు. ఇంత రభస జరిగాక పైవాళ్లు కొనుగోళ్లను బాగుచేస్తూ ఇచ్చిన ఆదేశం అదొక్కటే. ఇకమీదట ఏ ఉద్యోగీ ఆయుధపూజ నిమిత్తం కార్యాలయ ముద్రలను ఇంటికి తీసుకెళ్లరాదు.

అటెండర్‌కు చాయ్ ఇచ్చాను. అతని గురించి ఇక్కడ రాసింది అతనికి తెలియదు.

జనవరి 6

రోజారాణి ఫోన్. కొత్త టెండరు పిలిచారట, చెద్దర్లు మార్చిలో వస్తాయట. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. "ప్రవళిక అడుగుతున్నది మేడమ్, కిటికీ చెద్దరు మేడమ్ మల్ల రాదా అని" అన్నది. పిల్లలు అట్లాగే ఉన్నారా అని అడిగాను. "బియ్యం సంచులు ఇంకిన్ని దొరికినయ్" అన్నది.

అవ్వ ఈ ఇంట్లో ఉన్న దుప్పట్లన్నీ కప్పుకుంటోంది గానీ వేడి లేదంటోంది. కుమార్ ఊసు ఎత్తదు. ఇవాళ కాళ్లకు నూనె రాస్తుంటే అడిగింది.

"నా చెద్దరు ఎప్పుడిస్తరే?"

"అది సాక్ష్యం అవ్వా. సంచిల పెట్టి లక్క ఏసి సీలు చేసిండ్రు. కేసు తేలినంక ఇస్తరు."

"ఎప్పుడు తేలుతది?"

"తెల్వది."

ఇంత కొనుగోలులో, ఇన్ని లారీలలో, ఇన్ని కమిటీలలో నిజంగా నేసిన చెద్దరు అదొక్కటే.

"మరి గప్పటిదాక ఎవలు కప్పుకుంటరు దాన్ని?"

"బీరువా కప్పుకుంటది" అన్నాను.

అవ్వ నవ్వలేదు. కాళ్లు లోపలికి ముడుచుకుంది.